సీనియర్లంతా పోయారు, బార్ మాత్రం తెరిచే ఉంది

ఆ ఇంట్లోకి నేను వెళ్లింది స్క్రూల కోసం.

నవ్వకండి. ఫాల్‌అవుట్ 76 ఆడేవాళ్లకి ఈ బాధ తెలుసు. తుపాకీ బాగుచేసుకోవాలన్నా, దానికో కొత్త భాగం తగిలించాలన్నా స్క్రూలు కావాలి. అవేమో ఎక్కడా డబ్బాల్లో పోసి ఉండవు. పాత టేబుల్ ఫ్యాన్ కనిపిస్తే ఎత్తుకొచ్చి, విప్పి తీసుకోవాలి. ప్రపంచాన్ని కాపాడే వీరులం అని పేరే గానీ, ఈ గేమ్‌లో మేమంతా పాత ఇనుప సామాన్లు కొనేవాళ్ల టైపు. సంచి బరువెక్కితే పరుగెత్తలేం. ఏం పారేయాలో తేల్చుకోలేక నడిరోడ్డు మీద నిలబడి లెక్కలేసుకుంటాం. అలా ఓ శనివారం రాత్రి ఫ్యాన్ల వేటలో మోర్గాన్‌టౌన్ అనే ఊళ్లో, ఫ్రాటర్నిటీ రో అనే వీధిలోకి వచ్చిపడ్డాను.

కాలేజీ పక్క వీధి. పాడుబడ్డ పెద్ద ఇళ్లు. ముందు వాటిని ఎవరో డబ్బున్నవాళ్ల బంగళాలనుకున్నా. గ్రీకు అక్షరాలు కనబడ్డాక అర్థమైంది, ఇవి కుర్రాళ్లు ఉండే ఇళ్లు. తలుపు తోసుకుని లోపలికి వెళ్తే తిరగబడ్డ సామాన్లు, ఖాళీ సీసాలు, దుమ్ము. నేను అలవాటుగా గబగబా వెతకడం మొదలుపెట్టాను. కాసేపటికి చేతులు ఆగిపోయాయి. ఆ ఇల్లు నాకు తెలుసనిపించింది. అమెరికా ముఖం నేను చూడలేదు. కానీ ఆ ఇల్లు తెలుసు.

ఈ వారం కబుర్లు ఆ ఇంటి గురించే.

గేమ్ తెలియని వాళ్ల కోసం

ఫాల్‌అవుట్ అంటే మీలో చాలామందికి 2024 ఏప్రిల్‌లో ప్రైమ్ వీడియోలో వచ్చిన సిరీస్ గుర్తొస్తుంది. నీలం సూటు, పసుపు గీత, వీపు మీద నంబరు. దానికి మూలం 1997లో మొదలైన గేమ్‌ల వరస. కథ ఒక్క ముక్కలో ఇది: 2077 అక్టోబర్ 23న అణుయుద్ధం జరుగుతుంది. ముందుగా చోటు దొరికినవాళ్లు కొందరు భూమి లోపల వాల్ట్‌లు అనే బంకర్లలో తలదాచుకుంటారు. తర్వాత ఎప్పుడో తలుపు తెరుచుకుని పైకి వస్తే ఏం కనిపిస్తుంది, ఎలా బతకాలి అన్నదే ఆట.

ఫాల్‌అవుట్ 76 ఈ వరసలో ఆన్‌లైన్‌లో అందరూ కలిసి ఆడేది. 2018 నవంబర్‌లో వచ్చింది. ఇందులో మనం యుద్ధం జరిగిన 25 ఏళ్లకి, అంటే 2102లో పైకి వస్తాం. చోటు అమెరికాలోని వెస్ట్ వర్జీనియా. గేమ్‌లో దాన్ని అపలాచియా అంటారు. కొండలు, బొగ్గు గనులు, ఆకురాలే కాలం రంగులో చెట్లు. చూడ్డానికి అందంగానే ఉంటుంది, మనుషులే ఉండరు.

మనుషులు ఉండరు అంటే నిజంగానే ఉండరు. గేమ్ వచ్చిన కొత్తలో తోటి ఆటగాళ్లు తప్ప మాట్లాడటానికి ఒక్క మనిషి పాత్ర కూడా లేదు. బాంబుల తర్వాత కూడా అక్కడ చాలామంది బతికారనీ, ఊళ్లు నిలబెట్టుకోవాలని చూశారనీ, తర్వాత స్కార్చ్డ్ అనే జబ్బు వచ్చి ఉన్నవాళ్లు చచ్చిపోవడమో, పారిపోవడమో, ఆ జబ్బుకే లొంగిపోయి తుపాకులు పట్టుకుని తిరగడమో జరిగిందనీ మనకి మెల్లగా తెలుస్తుంది. ఎలా తెలుస్తుంది? చెప్పేవాళ్లు లేరుగా! వాళ్లు వదిలేసిన కాగితాలు చదివి, కంప్యూటర్లలో రాసుకున్నవి చూసి, రికార్డు చేసిపెట్టిన హోలోటేపులు విని. ఆలస్యంగా వచ్చిన చుట్టంలా అన్నీ మనమే ఏరుకుని కథ అల్లుకోవాలి.

దీనికి అప్పట్లో జనం గేమ్‌ని ఏకిపారేశారు. బోసిపోయిన గేమ్ అన్నారు. చివరికి 2020 ఏప్రిల్‌లో వేస్ట్‌ల్యాండర్స్ అనే అప్‌డేట్‌తో మనిషి పాత్రల్ని తీసుకొచ్చారు. మంచిదే. కానీ నాకు మాత్రం ఆ ఖాళీ ఇళ్లే ఎక్కువ నచ్చుతాయి. మనిషి ఎదురుగా ఉంటే తనకి అనుకూలంగా చెప్పుకుంటాడు. వదిలేసి వెళ్లిన గది అలా చెప్పుకోలేదు.

ఫ్రాటర్నిటీ అంటే ఏంటి?

మనవాళ్లు అమెరికా యూనివర్సిటీలకి ఎక్కువగా ఎంఎస్ కోసం వెళ్తారు. నలుగురు కలిసి అపార్ట్‌మెంట్ తీసుకుని, వంతులేసుకుని వండుకుంటారు. ఫ్రాటర్నిటీలు డిగ్రీ కుర్రాళ్ల వ్యవహారం. అందుకే మన పిల్లలు వాటిని బయటి నుంచి చూడటమే ఎక్కువ. అది కాలేజీ హాస్టల్ లాంటిదే గానీ పూర్తిగా హాస్టల్ కాదు. ఒక సంఘం. పేరుకి రెండో మూడో గ్రీకు అక్షరాలు. సొంత ఇల్లు, సొంత పాటలు, సొంత రహస్యాలు. అమ్మాయిలవైతే సొరోరిటీలు. గ్రీకు అక్షరాల పేరుతో మొదటి సంఘం 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టింది. అంటే ఈ అలవాటు వయసు, అమెరికా దేశం వయసు ఒకటే.

ఇందులో చేరాలంటే ఫీజు కడితే చాలదు. ముందు కొత్త కుర్రాడు ప్లెడ్జ్‌గా ఉండాలి. మనం జూనియర్ అంటామే, అదన్నమాట. సీనియర్లు చెప్పింది చేయాలి. ఎంత భరిస్తాడో చూసి, ఆ తర్వాతే సభ్యుడిగా కలుపుకుంటారు. ఆ పరీక్షలు హద్దు దాటితే హేజింగ్ అంటారు. మన భాషలో ర్యాగింగ్.

గేమ్‌లో ఆ వీధికి పక్కనే ఉన్నది వాల్ట్‌టెక్ యూనివర్సిటీ. బంకర్లు కట్టిన కంపెనీయే పెట్టిన కాలేజీ. బంకర్లని నడిపే అధికారుల్ని తయారుచేయడానికి కింద ఓ నకిలీ బంకర్ కూడా కట్టుకున్నారు. ప్రపంచం మునిగిపోతే ఎలా బతకాలో పగలు క్లాసులో నేర్చుకున్న కుర్రాళ్లు, రాత్రి ఈ వీధిలో మందు కొట్టేవారన్నమాట. గేమ్ రాసినవాళ్ల వెటకారం ఇలాగే ఉంటుంది.

రోబో బార్‌మన్

ఆ ఊళ్లోనే బిగ్ ఆల్స్ అనే టాటూ షాపు ఉంది. దాని కింద కాలేజీ కుర్రకారు దాచిపెట్టుకున్న రహస్య బార్. 2019 మార్చిలో మొదలైన వైల్డ్ అపలాచియా అప్‌డేట్‌లో వచ్చింది. ఆ బార్ నడిపేది ఒక రోబో. పేరు బివ్ ఈ రిడ్జ్. గబగబా పలికి చూడండి, బెవరేజ్ అని వినిపిస్తుంది. రోబోకి మందెలా ఎక్కుతుందని అడక్కండి, వీడు మాత్రం తాగినవాడిలాగే ముద్దముద్దగా మాట్లాడతాడు.

వీడి దగ్గరికి చేరాలంటే ముందు న్యూకాషైన్ అనే సరుకు కథ తెలియాలి. నీలంగా మెరిసే న్యూకా కోలా క్వాంటమ్ కలిపి కాచిన నాటుసారా అది. తాగితే పిడిగుద్దుల బలం పెరుగుతుంది. కాసేపటికి కళ్లు మూతలు పడతాయి. తెరిచేసరికి మ్యాప్‌లో ఎక్కడో వేరే చోట పడి ఉంటాం. మొదటిసారి అలా లేచినప్పుడు పడీపడీ నవ్వాను. ఫ్రెండ్స్‌తో ఆడుతుంటే అదో సరదా. "ఒరేయ్, ఎక్కడ తేలావ్?" అని హెడ్‌సెట్‌లో ఒకటే గోల.

బివ్ రోజుకో పని చెబుతాడు. చేసుకొస్తే కొత్త మందు కాచే పద్ధతి నేర్పుతాడు. వీడికి ఈ పని అప్పగించిన కుర్రాళ్లు పోయి ఏళ్లయింది. కాలేజీ లేదు, పరీక్షల్లేవు, ఫెయిలవడానికి కూడా ఎవరూ లేరు. అయినా వీడు బార్ కట్టేయలేదు. మెట్లు దిగి ఎవడొచ్చినా పాత పద్ధతిలోనే మొదలుపెడతాడు. ఎందుకంటే వాడికి వచ్చింది అదొక్కటే.

స్క్రూల కోసం ఫ్రాటర్నిటీ ఇంట్లో దూరిన రాత్రి నాకు గుర్తొచ్చింది ఈ బివ్‌గాడే. గుర్తొచ్చాక నవ్వు రాలేదు.

మా డాబా

నా సంగతి చెప్పాలి. చెప్పకుండా ఈ కాలమ్ ముగిస్తే అబద్ధం ఆడినట్టే.

కోస్తాలో ఓ ఇంజనీరింగ్ కాలేజీ. హాస్టల్లో నా మొదటి ఏడాది. ఇంట్రో అంటే తెలుసుగా? రాత్రి భోజనాలయ్యాక సీనియర్ల గదికి పిలుపొస్తుంది. వెళ్లి వరసగా నిలబడాలి. తల ఎత్తకూడదు, చూపు సొంత చొక్కా మూడో బటన్ మీద ఉండాలి. పేరు, ఊరు, ఇంటర్‌లో మార్కులు, నాన్నగారి ఉద్యోగం అన్నీ ఇంగ్లీషులో చెప్పాలి. తప్పు పలికితే మళ్లీ మొదటి నుంచి. మా నాన్న ఆర్టీసీలో కండక్టర్. అది విన్న ఒకాయన నన్ను బస్సులో టికెట్లు కొడుతున్నట్టు గదంతా తిరగమన్నాడు. తిరిగాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకో గంట నిలబెడతారు. తర్వాత చాలా రోజులు ఇంటికి ఫోన్ చేస్తే నాన్నతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. ఆయనకి కారణం తెలీదు. ఇప్పటికీ తెలీదు.

రెండో ఏడాది మేం సీనియర్లమయ్యాం. ఇక్కడ నేను "నా బాధ నాకు తెలుసు కాబట్టి జూనియర్లని బాగా చూసుకున్నా" అని రాస్తే మీకు నచ్చుతాను. కానీ జరిగింది అది కాదు.

ఫ్రెషర్స్ పార్టీ అయిన రాత్రి హాస్టల్ డాబా మీద మా సొంత పార్టీ. క్వార్టర్ సీసాలు, మిక్చర్ పొట్లాలు, రెండు లీటర్ల కోలా సీసాలు. ఐదుగురు జూనియర్లని పైకి పిలిచాం. అందులో ఒకడు శ్రీకాకుళం వైపు పల్లెటూరి నుంచి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎప్పుడూ తాగలేదన్నా అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే ఒక గ్లాసుతో పోయేదేమో. అన్నాడు కాబట్టి అందరి కళ్లూ వాడి మీద పడ్డాయి. గ్లాసులో మందు పోసి, పైన కోలా పోసి చేతికిచ్చింది నేనే. "ఇది తాగితే మనోడివి" అన్నాను. ఆ మాట నేను కనిపెట్టింది కాదు. అంతకు ముందు ఏడాది అదే డాబా మీద నాకు ఎవరో చెప్పింది. అక్షరం మార్చకుండా అప్పజెప్పాను, బివ్‌గాడిలా.

వాడు ఒకటి తాగాడు. రెండోది తాగాడు. మూడోది ఎవరు పోశారో నాకు గుర్తులేదు. నేను కాదని నమ్మాలని ఉంది.

రాత్రి ఒంటిగంటకి వాడు వాంతి చేసుకుని గోడ వారగా పడిపోయాడు. పిలిస్తే పలకలేదు. మాకు నిషా దిగిపోయింది. వార్డెన్‌కి చెబితే అందరం పోతాం, ఆస్పత్రికి తీసుకెళ్తే కేసవుతుంది. కాబట్టి మేం ఇంజనీర్లం ఏం చేశాం? ముఖం మీద నీళ్లు కొట్టాం. నోరు తెరిచి మజ్జిగ పోయబోయాం. ఒకడు నిమ్మకాయ పిండాడు. తర్వాత గదిలోకి మోసుకొచ్చి వెల్లకిలా పడుకోబెట్టాం. ఇందులో ప్రతి ఒక్కటీ తప్పే. స్పృహ లేనివాడి గొంతులో ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వెల్లకిలా పడుకుని వాంతి చేసుకుంటే ఊపిరాడక ప్రాణం పోవచ్చు. అవేవీ మాకు తెలీదు. మిగతావాళ్లు పడుకున్నారు. నేను మాత్రం కుర్చీ లాక్కుని, తెల్లారేదాకా వాడి ఛాతీ పైకీ కిందికీ కదులుతోందా లేదా అని చూస్తూ కూర్చున్నాను.

తెల్లారి ఏడింటికి వాడు లేచి, చెప్పులు వెతుక్కుని, ఏం మాట్లాడకుండా వెళ్లిపోయాడు. నెల తిరక్కుండానే హాస్టల్ ఖాళీ చేసి బయట గది తీసుకున్నాడు. నేను సారీ చెప్పలేదు. చెబితే తప్పు జరిగిందని ఒప్పుకున్నట్టవుతుందని భయం. తర్వాత ఆ రాత్రి మా బ్యాచ్‌లో ఒక జోక్ అయిపోయింది. ఏళ్ల తరబడి పెళ్లిళ్లలో కలిసినప్పుడల్లా చెప్పుకుని నవ్వేవాళ్లం. న్యూకాషైన్ తాగి ఎక్కడో తేలినప్పుడు నవ్వినట్టే.

అసలు మోర్గాన్‌టౌన్

మోర్గాన్‌టౌన్ గేమ్ కోసం కల్పించిన ఊరు కాదు. వెస్ట్ వర్జీనియాలో నిజంగా ఉంది. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ ఉన్న ఊరు. అక్కడా ఫ్రాటర్నిటీలు ఉన్నాయి.

2014 నవంబర్‌లో ఆ ఊళ్లో, గేమ్ రావడానికి నాలుగేళ్ల ముందు, ఒక ఫ్రాటర్నిటీలో చేరబోతున్న 18 ఏళ్ల కుర్రాడు వాళ్ల కార్యక్రమంలో విపరీతంగా తాగి పడిపోయాడు. కాలేజీలో చేరి నాలుగు నెలలు కూడా కాలేదు. రెండు రోజుల తర్వాత ఆస్పత్రిలో చనిపోయాడు. యూనివర్సిటీ మొత్తం ఫ్రాటర్నిటీల, సొరోరిటీల కార్యక్రమాలన్నీ ఆపేసింది.

ఇది చదివాక నేను కంప్యూటర్ ముందు చాలాసేపు కూర్చున్నాను. అక్కడి గదిలో ఉన్న కుర్రాళ్లు రాక్షసులై ఉంటారని నేను అనుకోలేను. మాలాంటివాళ్లే. "పడుకుంటే దిగిపోతుందిలే" అనుకునే ఉంటారు. మేమూ అదే అనుకున్నాం. మా డాబా మీద వాడు బతకడానికి కారణం మా మంచితనం కాదు, మా తెలివి అసలే కాదు. వాడి అదృష్టం, మా అదృష్టం.

గేమ్‌ని తప్పుపట్టాలని ఇది రాయడం లేదు. న్యూకాషైన్ జోక్ జోకే. గేమ్‌లో కళ్లు మూసుకుంటే మళ్లీ తెరుస్తాం అన్న హామీ ఉంది కాబట్టి నవ్వొస్తుంది. డాబా మీద ఆ హామీ లేదు. ఆ తేడా తెలీకుండా మేం 19 ఏళ్ల వయసులో జోక్ వేసుకున్నాం. అంతే.

చట్టం ఏమంటుంది?

మన దగ్గర చట్టం లేక కాదు ఇదంతా. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది, రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ కొనసాగుతోంది. వేధించి, సిగ్గుపడేలా చేసినా ఆరు నెలల దాకా జైలు. కొడితే, గాయపరిస్తే, ప్రాణం పోతే శిక్ష ఇంకా పెరుగుతుంది. సుప్రీంకోర్టు చెప్పగా ఆర్.కె. రాఘవన్ కమిటీ దేశమంతా తిరిగి 2007లో నివేదిక ఇచ్చింది. 2009లో యూజీసీ నిబంధనలు వచ్చాయి. కాలేజీలో చేరేటప్పుడు మీరూ, మీ అమ్మానాన్నలూ చదవకుండా సంతకం పెట్టే ఆ అఫిడవిట్ అక్కడి నుంచి వచ్చిందే. అమెరికాలోనూ కాలేజీలు హేజింగ్ ఘటనల్ని లెక్కగట్టి బయటపెట్టాలని 2024 డిసెంబర్‌లో దేశమంతటికీ వర్తించే చట్టం చేశారు.

మా హాస్టల్ నోటీసు బోర్డు మీదా ర్యాగింగ్ నేరం అని ఎర్రక్షరాల పోస్టర్ ఉండేది. డాబా మెట్లకి పక్కనే. రోజూ దాన్ని దాటుకునే పైకెళ్లేవాళ్లం. ఎందుకంటే మేం చేసేదానికి మా దృష్టిలో వేరే పేరుండేది. ఇంటరాక్షన్. బాండింగ్. సంప్రదాయం. "మాకూ చేశారు, మేం చేస్తున్నాం, వీళ్లూ రేపు చేస్తారు." ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలీదు. మొదలుపెట్టినవాళ్లు ఎప్పుడో పాసై, ఉద్యోగాల్లో చేరి, పిల్లల్ని కని, ఇప్పుడు ఆ పిల్లల్ని హాస్టల్లో వేయాలంటే భయపడుతుంటారు. వాళ్లు పెట్టిన బార్ మాత్రం మేం నడిపాం.

బివ్‌కీ నాకూ ఒక తేడా ఉంది. వాడు మెషీన్. కట్టేయాలని వాడికి తోచదు. నాకు తోచింది. "ఎప్పుడూ తాగలేదన్నా" అని వాడు అన్నప్పుడు ఒక్క క్షణం తోచింది కూడా. గ్లాసు చేతిలో ఉంది, అందరూ చూస్తున్నారు, ఇచ్చేశాను.

ఫోన్

ఆ శనివారం రాత్రి గేమ్ కట్టేశాను. స్క్రూలు దొరకలేదు. కాలేజీ పాత వాట్సాప్ గ్రూపుల్లో వెతికి, ఇద్దర్ని అడిగి, వాడి నంబర్ సంపాదించాను. మెసేజ్ టైప్ చేయడం, చెరపడం, ఇలా ఓ అరగంట. చివరికి "తమ్ముడూ, నేను ఫలానా. ఆ డాబా రాత్రి గురించి ఒకసారి మాట్లాడాలి. నీకు ఇష్టమైతేనే" అని పంపాను.

మర్నాడు సాయంత్రం తనే ఫోన్ చేశాడు. గొంతు లావెక్కింది. వెనక చంటిపిల్ల ఏడుపు వినిపిస్తోంది. నేను రాసిపెట్టుకున్నదంతా గడగడా చెప్పేశాను. గ్లాసు ఇచ్చింది నేనే అని, సారీ అని, ఇన్నేళ్లు చెప్పకపోవడం ఇంకో తప్పు అని.

వాడు కాసేపు ఏం అనలేదు. తర్వాత ఇలా అన్నాడు.

"అన్నా, నిజం చెప్పనా? ఆ రాత్రి నాకు పెద్దగా గుర్తులేదు. మర్నాడు టిఫిన్ టైమ్‌లో మెస్‌లోకి వస్తే మీరంతా నవ్వారు చూడు, అది గుర్తుంది."

నేను తెల్లారేదాకా కుర్చీలో కూర్చున్న సంగతి నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఎందుకంటే మెస్‌లో నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. అది నేను పూర్తిగా మర్చిపోయాను. ఇన్నేళ్లూ నా కథలో నేను రాత్రంతా కాపలా ఉన్న మంచి సీనియర్ని. వాడి కథలో నేను ఇడ్లీ ప్లేటు పట్టుకుని నవ్విన ముఖం.

"మరి తర్వాత ఏడాది?" అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలీదు. మీ బ్యాచ్ కూడా అలాగే చేశారా అని తెలుసుకోవాలనిపించింది.

"పిలిచారన్నా. నేను బయట గదిలో ఉన్నా కదా, అయినా పార్టీకి రమ్మన్నారు. వెళ్లాను. ఒక కుర్రోడికి గ్లాసు ఇస్తుంటే వాణ్ణి చెయ్యి పట్టుకుని కిందకి తీసుకొచ్చేశాను. మా వాళ్లకి కోపం వచ్చింది. రెండు మూడు నెలలు ఎవడూ మాట్లాడలేదు. ల్యాబ్‌లో రికార్డు కూడా ఇవ్వలేదు."

అంత మామూలుగా చెప్పాడు. ఏదో బస్సు దాటిపోతే ఆటోలో వచ్చాను అన్నట్టు.

ఫోన్ పెట్టేసే ముందు "ఫర్లేదన్నా" అంటాడేమో అని ఎదురుచూశాను. అనలేదు. "ఫోన్ చేశావ్ కదా, సరే. పాప ఏడుస్తోంది, ఉంటానన్నా" అన్నాడు. నాకు దక్కాల్సింది అంతే అనుకుంటున్నాను.

కాలేజీల్లో చేరినవాళ్లకి, చేరబోతున్నవాళ్లకి రెండు మాటలు చెప్పి ముగిస్తా. ఎవరైనా ఎక్కువ తాగి, లేపితే లేవకపోయినా, ఊపిరి బాగా నెమ్మదించినా, ఒళ్లు చల్లబడి పెదాలు నీలంగా మారినా "దిగిపోతుందిలే" అనుకోవద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పోయకండి, ఒంటరిగా వదలకండి, 108కి ఫోన్ చేయండి. కేసు సంగతి తర్వాత చూసుకోవచ్చు. మిమ్మల్ని ఎవరైనా ర్యాగింగ్ చేస్తుంటే యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522. రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఇది ఫోన్‌లో సేవ్ చేసుకోండి. సీనియర్ అయ్యాక కూడా తీసేయొద్దు. ఎవరికో ఇవ్వాల్సి రావచ్చు.

మొన్న మళ్లీ గేమ్‌లో మోర్గాన్‌టౌన్ వెళ్లాను. టాటూ షాపు మెట్లు దిగితే బివ్ ఎప్పట్లాగే పలకరించాడు. ఆ రోజు పని ఏంటో చెప్పబోయాడు. నేను వెనక్కి తిరిగి మెట్లెక్కి వచ్చేశాను. వాడేం అనుకోడు, రోబో కదా. రేపు ఇంకెవడు దిగినా మళ్లీ మొదలుపెడతాడు.

నాకింకా స్క్రూలు కావాలి. వచ్చే వారం కలుద్దాం.